మోకాళ్లు వంగే వయసులోనే పాత కారు

‘రిటైరయ్యాక ఒక పాత అంబాసిడర్ కొనుక్కుని తీరిగ్గా బాగుచేసుకుంటా’ అనేవాళ్లు గోదావరి జిల్లాల్లో వీధికొకరైనా ఉంటారు. వినడానికి బాగానే ఉంటుంది. అరవై వచ్చేసరికి చేతిలో నాలుగు డబ్బులుంటాయి, పిల్లల పెళ్లిళ్లు అయిపోతాయి, పొద్దు గడవదు. చిక్కల్లా ఏమిటంటే పాత కారు పనిలో సగం కారు కిందే ఉంటుంది. వీపు గచ్చుకి ఆనించి లోపలికి జరగాలి. గ్రీజు గన్ను పట్టుకున్న చెయ్యి పది నిమిషాలు ముఖం మీదుగా పైకి లేచి ఉండాలి. ఆ చీకట్లో మట్టి పట్టిన గ్రీజు నిప్పిల్ కంటికి ఆనాలి. అరవైలో ఈ మూడూ కలిసి రావడం అరుదు.

అందుకే నేననేది, కారు ఏ సంవత్సరం మోడలో అడిగే ముందు కొనేవాడు ఏ సంవత్సరంలో పుట్టాడో అడగాలి. పని మిగిలున్న కారు పాతికేళ్లవాడిది. పనంతా అయిపోయిన కారు అరవై ఏళ్లవాడిది. నలభైల్లో ఉండి ఊళ్లో ఉండనివాడు మాత్రం, డబ్బు ఎంత ఉన్నా, ఇంకొన్నాళ్లు ఆగడం మేలు.

ఈ మాట అనంతపురంలో ఇంత గట్టిగా చెప్పక్కర్లేదు. అక్కడి పొడిగాలికి షెడ్డులో పెట్టి మర్చిపోయిన ప్రీమియర్ పద్మిని కారు కూడా ఏళ్ల తరబడి రేకు చెడకుండా ఉండొచ్చు. డెల్టాలో ఆ ఆటలు సాగవు. నాలుగడుగులు తవ్వితే నీళ్లు. ఏడాదిలో ఎక్కువ భాగం కాలువలు పారుతూనే ఉంటాయి. అంతర్వేది నుంచి ఓడలరేవు దాకా ఉప్పుగాలి. భీమవరం చుట్టుపక్కల ఏ రోడ్డెక్కినా ముందు పోయే చేపల లారీ నుంచి ఐసు నీళ్లు కారుతుంటాయి, రొయ్యల లోడయితే అందులో ఉప్పు కూడా. నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు (బళ్లని గోదావరి దాటించే బల్లకట్టు పడవ) మీద కారు దాటిస్తే ఇంటికి రాగానే పైన తుడవడం కాదు, కింద మంచినీళ్లు కొట్టించాలి. ఇక్కడ ఇనుము నిలబడితే చెడుతుంది, తిరిగితే బతుకుతుంది.

నిలబడిన కారుకి ఏమవుతుందో చూడండి. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది, ఆ నీళ్లు వీల్ సిలిండర్ లోపల తుప్పు పట్టించి పిస్టన్ని బిగించేస్తాయి. క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కి అతుక్కుపోతుంది. కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు ఎండి జిగురుగా జెట్లకి పడుతుంది. ‘వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచుతున్నామండి’ అంటారు చాలామంది. అది ఇంకా నష్టం. పది నిమిషాల్లో ఇంజిను పూర్తిగా వేడెక్కదు, మండినప్పుడు పుట్టిన నీటి ఆవిరి సైలెన్సర్లోనూ ఇంజిను అడుగున ఆయిల్ సంపులోనూ చల్లబడి అక్కడే ఉండిపోతుంది. ఆయిల్ మూత తీస్తే లోపల మీగడలాంటి తెల్లటి పదార్థం కనిపిస్తే అర్థం అదే (చిక్కటి మీగడ మరీ ఎక్కువగా ఉంటే హెడ్ గ్యాస్కెట్‌ని కూడా అనుమానించాలి). వారానికోసారి పాతిక, ముప్పై కిలోమీటర్లు ఆగకుండా నడపాలి. రావులపాలెం నుంచి కొత్తపేట మీదుగా అమలాపురం పోయి టీ తాగి వస్తే చాలు, కారుకి అదే వైద్యం.

ఇప్పుడు కొనడం సంగతి. మన వైపు దొరికేవి ఎక్కువగా అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, అక్కడక్కడా మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్, జీపులు, కార్బురేటర్ మారుతి 800. ఇవన్నీ ఒక లెక్కలోవి కావు. అంబాసిడర్‌కీ పద్మినికీ విడిగా ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. తలుపుల కింద బోలుగా ఉండే సిల్ కుళ్లితే కారు నడుం విరిగినట్టే. హెరాల్డ్‌కి ఛాసిస్ వేరు, బాడీ ముక్కలు బోల్టులతో బిగించి ఉంటాయి. దానికి ముందు ఛాసిస్, దాన్నుంచి పక్కలకి వచ్చి బాడీని మోసే ఇనుప చేతులు చూడాలి.

సిల్ పరీక్షకి పెద్ద సామాన్లు అక్కర్లేదు. కారుకున్న జాకీ పాయింటు దగ్గరే జాకీ పెట్టి ఒక పక్క లేపండి. కర్రుమని చప్పుడొచ్చి జాకీ లోపలికి దిగితే అక్కడితో బేరం ఆపేయొచ్చు. లేచాక ఆ పక్క ముందు తలుపు తెరిచి వెయ్యండి. నేల మీద సుఖంగా పడిన తలుపు ఇప్పుడు అంచుకి రాసుకుంటే బాడీ వంగుతోందన్నమాట. తర్వాత కాయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి తలుపుల కింది అంచు, చక్రాల చుట్టూ, డిక్కీ నేల, వెనక కమాన్లు (పట్టీ స్ప్రింగులు) బిగించే చోటు, బ్యాటరీ కింది రేకు వెంట జరపండి. అంటుకోని చోటల్లా పుట్టీయే. కింద కొత్తగా నల్లటి తారు కోటింగు కొట్టి ఉంటే సంతోషించకండి, స్క్రూడ్రైవర్ మొనతో నాలుగు చోట్ల నొక్కండి. ‘నొక్కొద్దు, పెయింటు పోతుంది’ అన్నారంటే జవాబు దొరికినట్టే.

ఇంకొకటి చెయ్యాలి, ఇది మన డెల్టాలో మాత్రం తప్పనిసరి. తలుపు లోపలి అట్ట ఒకవైపు క్లిప్పులు జాగ్రత్తగా ఊడదీసి, లోపల అడుగున వేలు పెట్టి గీకండి. పొడి దుమ్ము తగిలితే పర్వాలేదు. మెత్తగా, గోరుకి అంటుకుని, తడిపితే సబ్బులా జారే సన్నటి మట్టి వచ్చిందంటే అది రోడ్డు దుమ్ము కాదు, ఒండ్రు. ఆ కారు ఎప్పుడో మునిగింది. వెనక సీటు అడుగున, హెడ్‌లైటు గిన్నెలో కూడా అదే మట్టి ఉంటుంది. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుఫాను చూసిన బళ్లు ఇంకా ఉన్నాయి. వాటికి ఇంజిను కొత్తది వేసినా లోపలి పొరల్లో తుప్పు పని చేసుకుంటూనే ఉంటుంది.

ఇంజినుకి జనం అనవసరంగా భయపడతారు. నిజానికి తేలే పని అదే. అంబాసిడర్ 1489 సీసీ పెట్రోలు ఇంజిను కొలతలు తెలిసిన లేత్ పనివాళ్లు రాజమండ్రిలో, విజయవాడ ఆటోనగర్లో ఇప్పటికీ దొరుకుతారు. రీబోర్, పిస్టన్, రింగులు, బేరింగులు అంటే ఒక లెక్క ఉంటుంది, ఒక తేదీ ఉంటుంది. టింకరింగ్‌కి, అంటే రేకు పనికి, లెక్కా ఉండదు, తేదీ ఉండదు. ఒక పొర విప్పితే కింద ఇంకో పొర. చల్లగా ఉన్నప్పుడే వచ్చి స్టార్ట్ చేయించండి, ముందే వేడి చేసి ఉంచితే ఇంకో రోజు రండి. ఐదు నిమిషాలు ఐడిల్లో ఉంచి ఒక్కసారి రేస్ చేస్తే నీలిపొగ గుప్పున వచ్చి ఆగిపోతే వాల్వు గైడ్లు అరిగినట్టు. నడుపుతున్నంతసేపూ వస్తే పిస్టన్ రింగులు పోయినట్టు. కంప్రెషన్ కొలిస్తే నాలుగు సిలిండర్ల మధ్య తేడా పది శాతం దాటకూడదు.

ఒకప్పుడు పెట్రోలు ఖర్చు భరించలేక డీజిల్ ఇంజిన్లు దింపించిన కార్లు మన వైపు చాలా ఉన్నాయి. బ్లాకు మీది నంబరు, ఆర్సీలో నంబరు కలవకపోతే, ఆర్సీలో ఇంధనం గడిలో ఇంకా పెట్రోలు అనే ఉంటే, రెన్యువల్ రోజున బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడేది మీరే.

పాతికేళ్లవాడి విషయం త్వరగా తేలిపోతుంది. డబ్బు లేదు, మోకాళ్లున్నాయి, తెలుసుకోవాలన్న ఆకలి ఉంది. రేకు గట్టిగా ఉండి ఇంజిను చచ్చిన పద్మినో, కార్బురేటర్ మారుతి 800నో చూసుకోవాలి. మారుతి 800 క్లాసిక్ ఎలా అవుతుందని ముఖం చిట్లించే పెద్దలున్నారు. మొదటి బండి 1983 డిసెంబరులో బయటికొచ్చింది, నలభై ఏళ్లు దాటింది. మన తాతలు మోరిస్‌ని చూసిన కంటితో ఇప్పటి కుర్రాళ్లు దాన్ని చూస్తున్నారు, చూడనివ్వండి. స్పానర్ల సెట్టు కొనేముందు ఒక మాట: పద్మినికీ మారుతికీ మిల్లీమీటర్లవి, అంటే 10, 12, 13, 14, 17 చాలావరకు సరిపోతాయి. అంబాసిడర్‌కి అంగుళాలవి కావాలి, 7/16, 1/2, 9/16. దగ్గరదగ్గరగా ఉందని మిల్లీమీటరు స్పానరు వేసి నట్టు అంచులు గుండ్రం చేసినవాళ్ల పాపం తర్వాత కొన్నవాడు మోస్తాడు.

ఆ వయసులో చేసే తప్పు ఒకటే, మొదట పెయింటు వేయించడం. వరస దానికి పూర్తిగా తలకిందులు. మొదట బ్రేకులు: నాలుగు చక్రాలూ విప్పి వీల్ సిలిండర్లకి రబ్బర్లు, ముందు రెండు వెనక ఒకటి ఉండే రబ్బరు గొట్టాలు, మాస్టర్ సిలిండర్ కిట్టు, కొత్త బ్రేక్ ఆయిల్. ఈ తేమలో ఆ ఆయిల్ ఏడాదికోసారి మార్చాల్సిందే. తర్వాత పెట్రోలు దారి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే ఐదోవంతు ఇథనాల్. అది పాత రబ్బరుని మెత్తబరుస్తుంది, మెకానికల్ పంపులో డయాఫ్రంని కూడా. ట్యాంకులో ఏళ్లనాటి జిగురుని కరిగించి కిందికి తెస్తుంది కాబట్టి మొదటి రెండు నెలల్లో ఫిల్టరు రెండు మూడుసార్లు మార్చాలి. ఇథనాల్ పడే గొట్టాలని అడిగి మరీ వేయించండి. కార్బురేటర్ జెట్టు ఒక సైజు పెంచాల్సి రావచ్చు, ప్లగ్గు కొన సున్నంలా తెల్లగా ఉంటే ఆ సంగతి తెలుస్తుంది. ఇథనాల్ నీళ్లని కూడా పీలుస్తుంది. వానాకాలంలో ట్యాంకు సగం ఖాళీగా ఉంచితే ఆ తేమ పెట్రోల్లో చేరి, మరీ ఎక్కువైతే అడుగున వేరుపడుతుంది. రోజూ తిరిగే బండికి ట్యాంకు నిండుగా, నెలలు ఆపే బండికి ట్యాంకూ గిన్నే రెండూ ఖాళీగా.

మూడోది నీళ్లు. రేడియేటర్లో బోరు నీళ్లు పోయకండి. మన బోర్లలో ఉప్పు, సున్నం ఎక్కువ, రెండేళ్లలో గొట్టాలు మూసుకుపోతాయి. డిస్టిల్డ్ వాటర్, కూలెంటు కలిపి పోయండి. ‘వేడెక్కుతోంది’ అనగానే థర్మోస్టాట్ పీకి అవతల పారేసే మెకానిక్కులు ఇంకా ఉన్నారు. అది లేకపోతే డిసెంబరులో ఇంజిను సరైన వేడికే రాదు, ఆయిల్లో నీళ్లు ఆవిరికావు, మళ్లీ మొదటికొస్తాం. వేడెక్కడానికి కారణం రేడియేటర్లో ఉంటుంది, బెల్టులో ఉంటుంది, టైమింగులో ఉంటుంది. థర్మోస్టాట్‌ని అనుమానిస్తే వేడినీళ్ల గిన్నెలో వేసి తెరుచుకుంటుందో లేదో కళ్లతో చూసి మాట్లాడండి. వైరింగు నాలుగోది. ఇంగ్లిషు వంశపు పాత కార్లలో కొన్నిటికి పాజిటివ్ ఎర్త్ ఉంటుంది, అంటే బ్యాటరీ నెగటివ్‌కి బదులు పాజిటివ్ కొస బాడీకి కలిపి ఉంటుంది. అది చూడకుండా సెల్ ఛార్జరూ ఎల్‌ఈడీ లైట్లూ తగిలిస్తే పొగ వస్తుంది. ఇంజిను ఆఖర్న. డిస్ట్రిబ్యూటర్ పాయింటు గ్యాప్ 0.015 అంగుళం, ప్లగ్గుకి 0.025, వాల్వులని కదిపే ట్యాపెట్లకి 0.015, ఇవి అంబాసిడర్ 1489 సీసీ పెట్రోలుకి. ట్యాపెట్ గ్యాప్ మాటిమాటికీ తగ్గిపోతుంటే వాల్వు సీటు అరుగుతున్నట్టు. 2000 ఫిబ్రవరి నుంచి సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది, పాత హెడ్డుకి ఆ సీసమే మెత్త. కాలువ గట్టు మీద గంటకి యాభై కిలోమీటర్ల వేగంలో నడిపేవాడికి ఇది పెద్ద బాధ కాదు. హెడ్డు ఎలాగూ విప్పినప్పుడు ఎగ్జాస్టు వైపు గట్టి సీట్లు వేయిస్తే సరి.

ఇక నలభైలవాడు. అసలు గొడవంతా ఇతనితోనే. హైదరాబాదులోనో, బెంగళూరులోనో, ఇంకా దూరంలోనో మంచి ఉద్యోగం. ఊళ్లో తాతగారి పెంకుటిల్లు, ఖాళీ షెడ్డు, చూసుకోవడానికి ఒక మనిషి. ‘ఒక పద్మిని కొని అక్కడ పెడదాం, సంక్రాంతికి నాలుగు రోజులు తిరుగుదాం’ అనిపిస్తుంది. ఏడాదికి యాభై రెండు వారాలు. అందులో యాభై ఒకటి ఆ కారు తేమలో నిలబడుతుంది. దాని మీద ప్లాస్టిక్ కవరు కప్పుతారు, లోపల ఆవిరి పట్టి పైన చుక్కలు కట్టి తిరిగి రేకు మీదే పడుతుంది. పక్కనే పశువుల పాక ఉంటుంది. మూత్రం నుంచి లేచే అమ్మోనియా రాగినీ ఇత్తడినీ తింటుంది, ఈ కార్ల రేడియేటర్ కోరు, జెట్లు, వైరు కొసలు అన్నీ ఆ లోహాలే. అవతల గడ్డిమేటు, అందులోంచి వచ్చే ఎలుకలకీ పందికొక్కులకీ వైరింగు మీదే కన్ను. భోగి ముందురోజు దిగి తాళం తిప్పితే సెల్ఫ్ కొట్టదు. మెకానిక్కుని పిలిస్తే పండగ మూడు రోజులూ రాడు. తోసి స్టార్ట్ చేస్తే బ్రేకు పట్టేసి ఉంటుంది. కనుమ సాయంత్రానికి కదులుతుంది, మర్నాడు మీ బస్సు.

దీనికి ‘డ్రైవర్ని పెట్టి తిప్పిస్తాం’ అంటారు. తిప్పిస్తే మంచిదే. కానీ ఊళ్లో కదిలే అంబాసిడర్ ఉందని తెలిస్తే ముహూర్తాల రోజుల్లో మొహమాటం మొదలవుతుంది. పెళ్లికొడుకు ఊరేగింపు అంటే రెండు గంటలు మనిషి నడక వేగం, సగం క్లచ్. ఫ్యాను ఇంజినుతోనే తిరుగుతుంది కాబట్టి ఆ వేగంలో రేడియేటర్‌కి గాలి చాలదు. క్లచ్ ప్లేటు కాలిన వాసన బ్యాండుమేళం వెనక నడిచేవాళ్లకి ముందు తెలుస్తుంది. పైగా సొంత నంబరు బండికి అద్దె పుచ్చుకుంటే, ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్సు కంపెనీ చేతులెత్తేయొచ్చు.

నలభైల్లో కొని తీరాలంటే నిత్యం మీరున్న ఊళ్లోనే, పని అయిపోయిన కారే, ఎక్కువ ధర పెట్టి కొనండి. కొన్న ధరలో మూడోవంతు విడిగా పక్కన ఉంచి మొదలుపెట్టండి. షెడ్డు కొత్తగా కట్టించేవాళ్లు గచ్చు పోసే ముందు అడుగున మందపాటి పాలిథిన్ షీటు పరిపించాలి, లేకపోతే నేల తేమ సిమెంటులోంచి పైకి ఎక్కుతూనే ఉంటుంది. ఎదురెదురు గోడలకి ఒకవైపు కిందా ఒకవైపు పైనా గాలి దారులు ఉండాలి. కప్పాలంటే నూలు గుడ్డ. కొబ్బరిచెట్టు కింద పార్కు చేయడం గురించి విడిగా చెప్పాలా? లంక గ్రామాలవాళ్లయితే ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి చేరి మొదటి హెచ్చరిక ఇవ్వగానే కారుని మెరకకి తోలేయాలి. రెండోది 13.75, ఆ వేళకి దారి ఉంటుందో ఉండదో. పొరపాటున మునిగితే స్టార్ట్ చేయొద్దు. ప్లగ్గులు తీసి చేత్తో తిప్పి నీళ్లు కక్కించి, ఇంజిన్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ మూడింటి ఆయిలూ మార్చాకే సెల్ఫ్.

అరవైలో కొనేవాడికి కావాల్సింది కారు కింద దూరక్కర్లేని కారు. ఇక్కడ నాకు అంబాసిడరే ముందు కనిపిస్తుంది, అందులోనూ తొంభైల్లో వచ్చిన 1817 సీసీ ఇసుజు పెట్రోలు బండి. ఐదు గేర్లు, గేర్ రాడ్డు కింద. సీటు ఎత్తుగా, తలుపు వెడల్పుగా ఉంటుంది కాబట్టి నడుం వంచకుండా దిగొచ్చు. పాతకాలపు రుచి తగ్గుతుందని అనేవాళ్లు స్టీరింగ్ కాలమ్ మీది గేరుతో మొండికేసే పద్మినిని ఏప్రిల్ ఎండలో మండపేట బజారులో ఒకసారి వెనక్కి తిప్పి మాట్లాడాలి. ఆ గేరు బుష్‌లు అరిగితే రెండు నుంచి మూడుకి పడే చోట లింకు పట్టేస్తుంది, బానెట్ ఎత్తి చేత్తో సరిచెయ్యాలి. పవర్ స్టీరింగ్ ఈ రెండిటికీ మామూలుగా ఉండదు. టైర్లలో గాలి తగ్గితే భుజాలు చెబుతాయి. టైరు పక్కన నాలుగంకెల తేదీ చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం. పెద్దగా అరక్కపోయినా ఏడెనిమిదేళ్లు దాటితే మార్చేయడమే.

కాగితాలు ఈ వయసులోనే ఎక్కువ కొరుకుతాయి. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకి ఐదేళ్లకోసారి ఫారం 25తో రెన్యువల్. ఇరవై ఏళ్లు దాటిన కార్లకి 2025 ఆగస్టు నుంచి ఫీజు 10,000 రూపాయలు, గ్రీన్ టాక్స్ అదనం. కొన్నప్పుడు పేరు మార్పుకి ఫారం 29, 30. పక్క రాష్ట్రం బండికి ఫారం 28 మీద ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం), ఇక్కడ మళ్లీ నంబరు, మళ్లీ లైఫ్ టాక్స్. యాభై ఏళ్లు నిండిన కారుకి 2021లో వచ్చిన వీఏ (వింటేజ్ బండ్ల) నంబరు మోజు ఒకటుంది. 20,000 కట్టి తీసుకుంటే పదేళ్లు చెల్లుతుంది. కానీ అది ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, పెట్రోలు కొట్టించుకోవడానికీ, రిపేరుకీ వెళ్లడానికే. రోజువారీగా తిప్పకూడదు. తోలడానికి కొన్నవాడు మామూలు రెన్యువల్‌నే పట్టుకుని ఉండటం మంచిది. యాభై ఐదు దాటాక మీ లైసెన్సు కూడా ఐదేళ్లకోసారే, ఫారం 1ఏ మీద డాక్టరు సంతకంతో.

మార్కెట్లో అరవై ఏళ్లవాడికి ఎదురయ్యే బేరాల్లో చాలావాటికి ఒక మెలిక ఉంటుంది. కారు చూపించేది మనవడు, ఆర్సీ మాత్రం చనిపోయిన తాతగారి పేరు మీదే. అలాంటి బండికి అడ్వాన్సు ఇవ్వకండి. ముందు వారసులు ఫారం 31 పెట్టి తమ పేరున మార్పించుకోవాలి, మిగతా అన్నదమ్ముల అంగీకారపత్రాలు తేవాలి, ఆ తర్వాతే మీకు 29, 30. రేపు మీ ఇంట్లోనూ అదే పరిస్థితి రాకూడదంటే ఆర్సీలో నామినీ పేరు ఇప్పుడే చేర్పించొచ్చు. చనిపోయిన ముప్పై రోజుల్లో ఆఫీసుకి తెలియజేస్తే మూడు నెలలు ఆ బండి తిప్పుకోవచ్చు, ఆలోగా దరఖాస్తు పెట్టాలి.

నామినీ పేరుతోపాటు డాష్‌బోర్డు అరలో ఒక నోటుపుస్తకం పెట్టండి. టైరు సైజు, జెట్టు నంబరు, బేరింగులు స్టాండర్డ్ కొలతవో అండర్‌సైజువో, సిలిండర్ బోరు ఎన్నోసారి తీశారో, బ్రేక్ ఆయిల్ మార్చిన నెల, గ్రీజు కొట్టాల్సిన నిప్పిళ్లు ఎన్ని, ఎక్కడెక్కడ. ముందు ఎడమ చక్రం వెనక ఉండేది వంగి చూస్తే గానీ కనబడదని కూడా రాయండి.